ఐదు వేల గీత

సకల జనుల సమ్మె మొదలైన వారం లోపే జనగామ తహసీల్ ఆఫీసు ముందున్న టెంటు కింద దేవ్‌సింగ్‌కు ఒక స్థిరమైన చోటు ఏర్పడింది. ముందు వరుసలో మైకు, పాటలు, నినాదాలు. వెనక గుంజకు ఆనుకుని ఆయన. మధ్యాహ్నం గొంతులు కాస్త అలసిపోగానే ఒక్కొక్కరే పక్కకు జరిగి ఆయన దగ్గరికి వచ్చేవారు. బడులు మూతబడ్డాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఒకటో తారీకున జీతం రాదని అందరికీ తెలుసు. తెలంగాణ వస్తుందన్న నమ్మకం ఎంత గట్టిగా ఉందో, వచ్చే నెల పాలాయనకు ఏం చెప్పాలన్న గుబులూ అంత గట్టిగానే ఉంది.

"సార్, తెలంగాణ వస్తే హైదరాబాద్ కంపెనీల షేర్లు లేస్తయా, పడ్తయా?" అని అడిగేవాడు ఒకాయన.

"మా తోడల్లుడు సిమెంటు కొనుమంటున్నడు. రాష్ట్రం వచ్చినంక అంతా కట్టుడే గదా అంటడు," అనేవాడు ఇంకొకాయన.

"అరె, పడ్డప్పుడు కొనాలె, లేసినప్పుడు అమ్మాలె. గంతే గదా. గిదానికి సారును ఎందుకు సతాయిస్తరు?" అని పుట్టి బుద్ధెరిగి ఒక్క షేరూ కొననివాడు తీర్పు చెప్పేవాడు.

దేవ్‌సింగ్ జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచరు. మానుకోట దగ్గరి తండా నుంచి సర్కారు కొలువుకు వచ్చిన మొదటి మనిషి. రెండేళ్ల కింద, ఎన్నికల ఫలితాలకు ముందు, స్టాఫ్ రూంలో టీ తాగుతూ "ఏమన్న కొనేది ఉంటే ఈ వారమే కొనుండ్రి" అని ఊరికే ఒక మాట అన్నాడు. ఫలితాల తర్వాత మార్కెట్ తెరవగానే ఎంత పైకి ఎగిరిందంటే, ఆ రోజుకు లావాదేవీలే ఆపేశారు. ఆ మాట విని కొన్న లెక్కల సారు లాభంతో స్కూటర్ మార్చాడు. అప్పటి నుంచి దేవ్‌సింగ్ 'షేర్ల సారు' అయ్యాడు. ఆ మాట తాను ఎందుకన్నాడో ఆయనకే గుర్తులేదు. పేపర్లో ఎవరో రాసింది చదివి అన్నాడేమో. ఆ సంగతి ఒకరిద్దరికి చెప్పి చూశాడు. వాళ్లు దాన్ని అణకువ అనుకున్నారు.

సమ్మెకు కొద్ది రోజుల ముందు భూపాలపల్లి నుంచి బావ హరిలాల్ ఫోన్ చేశాడు. దేవ్‌సింగ్ అక్క మోతీని చేసుకున్న మనిషి; సింగరేణి బొగ్గు బాయిలో కార్మికుడు. తండాలో ఇల్లు మొదలుపెట్టాడు. పిల్లర్లు లేచాయి, గోడలు లేచాయి, వానలతో స్లాబు దగ్గర పని ఆగింది.

"బాయి బందైతే జీతం బందైతది తమ్మీ," అన్నాడు హరిలాల్. "స్లాబు పైసలు బ్యాంకుల పండుకొని ఉన్నయి. సమ్మె అయ్యేదాక నీ షేర్లల్ల జర తిప్పు."

"పోతే ఎట్ల బావా?"

"నీ చేతుల ఎందుకు పోతయి?" అని నవ్వాడు హరిలాల్. ఆ నవ్వు విన్నాక దేవ్‌సింగ్ సరేనన్నాడు. చదువుకునే రోజుల్లో హాస్టల్ నుంచి సెలవులకు వస్తే, మానుకోట స్టేషన్‌కు సైకిల్ మీద వచ్చి తీసుకుపోయింది ఈ బావే. అడగక అడగక ఒకటి అడిగాడు.

స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం పైన ప్రదీప్ నడిపే షేర్ల ఆఫీసు ఉంది. రెండు కంప్యూటర్లు, గోడకు ఒక టీవీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. హరిలాల్ పేరు మీద కూడా ఖాతా అక్కడే తెరిపించాడు. ఏం కొనాలో ఏం అమ్మాలో దేవ్‌సింగ్ చెప్పేవాడు, ప్రదీప్ కొట్టేవాడు.

"షేర్లు కొంటే నెల రోజులల్ల ఏమొస్తది సార్?" అన్నాడు ప్రదీప్. "పుట్‌లు అమ్ముండ్రి. ఇంట్ల కూసుంటే పైసలొస్తయి."

అప్పటికి మార్కెట్ సూచీ ఐదు వేలకు కాస్త పైన ఆడుతోంది. నెలాఖరు గురువారం నాటికి అది ఐదు వేల కిందికి పడదని హామీ ఇవ్వడం, ఆ హామీకి ఇప్పుడే కొంత డబ్బు పుచ్చుకోవడం: పుట్ అమ్మడమంటే ఇంతే. పడకపోతే పుచ్చుకున్నది మిగులుతుంది. పడితే ఎంత పడిందో అంతా హామీ ఇచ్చినవాడే కట్టుకోవాలి. పూచీగా చేతిలో ఉన్న డబ్బు బ్రోకర్ దగ్గర ఉంచాలి.

"ఆగస్టుల పడేదంత పడ్డది సార్," అన్నాడు ప్రదీప్. "ఇంకేడికి పడ్తది? కింద నేలనే ఉన్నది."

దేవ్‌సింగ్ ఇంటికి వెళ్లి ఆలోచించాడు. పత్రికలు తిరగేశాడు. సగం మంది లేస్తుందన్నారు, సగం మంది పడుతుందన్నారు. మర్నాడు వెళ్లి ఐదు వేల గీత దగ్గర పుట్‌లు అమ్మాడు. తన పేరు మీద కొన్ని, హరిలాల్ పేరు మీద అంతకంటే ఎక్కువ. టెంటు కింద "మరి మీరేం జేసిండ్రు సార్?" అని అడిగితే దాచడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ సాయంత్రమే ట్రెజరీలో పనిచేసే భిక్షపతి కూడా వెళ్లి అదే గీత దగ్గర అవే అమ్మి వచ్చాడు. పెద్ద గొంతు, పెద్ద మనసు ఉన్న మనిషి. నినాదాలు ఇప్పించేది ఆయనే.

"నువ్వు అమ్మినవంటే ఆలోచించేది ఏమున్నది దేవ్‌సింగ్ సారూ!" అని భుజం మీద చరిచాడు.

ఆ చరుపు దగ్గర్నుంచి దేవ్‌సింగ్ మార్కెట్ మీంచి కన్ను తిప్పలేకపోయాడు. తన డబ్బు ఒక్కటే అయితే ఇలా ఉండేది కాదు. పాట వింటున్నా, ఎవరో ఉపన్యాసం ఇస్తున్నా, చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయేది. ఐదు వేల నూట ముప్పై. నూట పది. మళ్లీ నూట నలభై. ఆ అంకెకూ గీతకూ మధ్య ఎంత ఎడం ఉందో చూసుకుని, ఊపిరి తీసుకుని, ఫోన్ జేబులో పెట్టేవాడు. మళ్లీ తీసేవాడు.

"రాష్ట్రం కోసం కూసున్నవా, ఫోన్ కోసం కూసున్నవా?" అన్నది భార్య దీప ఒక రోజు, టెంటుకు టిఫిన్ తెచ్చి చూసి. ఆమెకు సగమే చెప్పాడు. బావ డబ్బు సంగతి చెప్పలేదు.

గడువుకు వారం ముందు గురువారం నాడు వరంగల్ రోడ్డు మీద వంటా వార్పు పెట్టుకున్నారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వేసి, ఉద్యోగులంతా అక్కడే వండి అక్కడే తినడం. దేవ్‌సింగ్ చేతిలో గరిటె ఉండగా ప్రదీప్ ఫోన్ చేశాడు.

"సార్, జర రాండ్రి."

"ఏమైంది?"

"బయటి దేశాలల్ల ఏందో అయిందంట. బాగ పడ్తున్నది. రాండ్రి."

గరిటె పక్కనున్న ఆయన చేతిలో పెట్టి దేవ్‌సింగ్ బండి తీశాడు. స్టేషన్ రోడ్డు చేరేసరికి షేర్ల ఆఫీసు మెట్ల మీద జనం నిలబడి ఉన్నారు. లోపల చీకటి. కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా చాలించుకుంది. బాయిలు బందై బొగ్గు ఆగింది, బొగ్గు ఆగి కరెంటు కోతలు మొదలయ్యాయి. మొదటి కోత పడ్డ రోజున, మన దెబ్బ తెలిసిందని టెంటు కింద అందరూ చప్పట్లు కొట్టారు. దేవ్‌సింగ్ కూడా కొట్టాడు.

"ఎంతున్నది?" అని అడిగాడు.

"కరెంటు పోయేటప్పుడు ఐదు వేలకు జర పైనున్నది," అన్నాడు ప్రదీప్. మొహం చెమటతో మెరుస్తోంది. "హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ కొడ్తున్న. లైన్ దొరుకుతలేదు."

చీకట్లో తలో మాట అన్నారు.

"పరేషాన్ కావద్దు. మూడు గంటలకు లేస్తది, నేను చూసిన."

"లెవ్వదు. ఉన్నదంత అమ్మేసి బంగారం కొనుండ్రి."

"అమ్మేదేంది? గిప్పుడే కొనాలె!"

దేవ్‌సింగ్ ఫోన్‌లో నెట్ అందక సూచీ తెరుచుకోలేదు; హైదరాబాద్ నంబర్ కొట్టాడు. ఏదో సంగీతం వచ్చింది. వస్తూనే ఉంది. చెవికి ఫోన్ ఆనించుకుని మెట్ల మీద నిలబడితే, దూరంగా రోడ్డు మీది నుంచి భిక్షపతి నినాదం, దానికి జనం జవాబు గాలికి తేలి వచ్చాయి. సంగీతం ఆగి అవతల మనిషి గొంతు పలికేసరికి ఆ రోజుకు మార్కెట్ మూసేశారు. గీత కిందికి చాలా దూరం పోయి ఆగింది సూచీ.

సాయంత్రం హరిలాల్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బాయి గేటు దగ్గర మీటింగ్‌లో ఉంటాడు, ఆ మైకుల గోలలో ఏం వినపడుతుంది! ఈసారి ఇంటి ఫోన్‌కు చేశాడు. మోతీ ఎత్తింది. "ఏంది తమ్మీ, గట్లున్నది గొంతు?" అంది. "ఏం లేదక్కా, జలుబు," అన్నాడు.

మర్నాడు పొద్దున మార్కెట్ ఇంకా కిందే తెరుచుకుంది. ఈసారి కరెంటు ఉంది. టీవీలో ఎర్రటి అంకెలు. ప్రదీప్ నెమ్మదిగా చెప్పాడు: "మీ బావ ఖాతాల పూచీ సరిపోతలేదు సార్. ఇంకిన్ని పైసలన్న కట్టాలె, లేకుంటే అమ్మిన పుట్‌లు నష్టానికే మళ్ల కొని తీసెయ్యాలె. మనం తియ్యకుంటే పైనోళ్లే తీసేస్తరు. మధ్యాహ్నం దాక టైమున్నది."

భిక్షపతి అప్పటికే వచ్చి ఉన్నాడు. "నేను కట్టిన," అన్నాడు. "మా బామ్మర్దిని అడిగిన. ఇంక వారం ఉన్నది. వస్తది పైకి. నువ్వు గూడ కట్టు."

"ఎక్కడికెళ్లి తెచ్చి కట్టాలె సార్?"

"ఎక్కడికెళ్లన్న తే. గిప్పుడు తీస్తే నష్టం ఖాయమైతది గదా!"

అది నిజమే. తీయకపోతే ఏమవుతుందో అదే తెలియదు. బావకు ఫోన్ చేసి ఇంకా డబ్బు పంపమని అడగాలి. అడిగితే పంపుతాడు కూడా, ఎవరి దగ్గరైనా తెచ్చి. అప్పుడు ఇంకా పడితే? దేవ్‌సింగ్ టీవీ వైపు చూశాడు. చూస్తుండగానే అంకె ఇంకొంచెం దిగింది. మధ్యాహ్నం దాకా ఆగవచ్చు. బావ ఫోన్ ఎత్తే దాకా ఆగవచ్చు. కానీ ఆగడానికి కావలసిన బలం ఆయన ఒంట్లో ఆ క్షణాన లేదు.

"తీసెయ్ ప్రదీప్," అన్నాడు. "రెండు ఖాతాలల్ల తీసెయ్."

స్లాబు డబ్బులో మూడో వంతు పోయింది.

ఆ సంగతి ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. శనివారం పొద్దున్నే బండి మీద భూపాలపల్లికి బయలుదేరాడు. బస్సులు లేవు, రైళ్లు ఆపేశారు. ఊరూరా రాస్తారోకో. హన్మకొండలో ఆపారు, పరకాలలో ఆపారు. రేగొండ దగ్గర చెట్టు కొమ్మలు అడ్డం వేసి కూర్చున్న కుర్రవాళ్లు "ఏడికి సార్?" అని అడిగారు. టీచర్నని, తానూ సమ్మెలోనే ఉన్నానని చెబితే పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇచ్చారు. ఆ కాసేపు దేవ్‌సింగ్‌కు ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. అక్కడే సాయంత్రం దాకా కూర్చోబెడితే బాగుండుననిపించింది. వాళ్లు కొమ్మ పక్కకు లాగి, దండం పెట్టి మరీ దారి ఇచ్చారు.

హరిలాల్ బాయి గేటు దగ్గర కార్మికుల టెంటులో దొరికాడు. బామ్మర్దిని చూసి సంబరంగా లేచి ఎదురొచ్చాడు.

"గీయనే మా బామ్మర్ది," అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించాడు. "జనగామల షేర్ల సారు. చెప్తలేనా మీకు!"

పది మందీ దగ్గరికి జరిగారు. ఒకాయన తన కొడుకు కూడా షేర్లు కొంటానంటున్నాడని, ఏవి మంచివో చెప్పమని అడిగాడు. దేవ్‌సింగ్ బావ చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఇంటికి పోదాం రా," అన్నాడు తండా మాటలో, లంబాడీలో.

"గిక్కడ్నే చెప్పు. అందరు మనోళ్లే."

"ఇంటికి పోదాం."

హరిలాల్ మొహంలో నవ్వు ఆగిపోయింది. పక్కకు నాలుగు అడుగులు వేసి, గేటు గోడ నీడలో నిలబడ్డాడు. అక్కడే దేవ్‌సింగ్ చెప్పేశాడు. ఏం అమ్మాడో, ఎంత పడిందో, ఎప్పుడు తీసేశాడో, ఎంత పోయిందో. హరిలాల్ అంతా విన్నాక అడిగాడు.

"నన్ను అడిగినవా తీసేటప్పుడు?"

ఆ మాట తెలుగులో అన్నాడు. ఇద్దరూ ఎప్పుడూ తండా మాటలోనే మాట్లాడుకుంటారు. బ్యాంకు గుమస్తాతో, బస్సు కండక్టర్‌తో మాట్లాడే తెలుగులో బావ తనతో మాట్లాడటం దేవ్‌సింగ్ అదే మొదటిసారి వినడం.

"ఫోన్ చేసిన బావా, నువ్వు ఎత్తలే."

"మీ అక్క ఎత్తింది గదా. జలుబన్నవంట."

దేవ్‌సింగ్ తల వంచుకున్నాడు.

"పోయినయి పోయినయి. బాయిల మనుషులే పోతరు, పైసలదేముంది," అన్నాడు హరిలాల్. "కని అడగాలె గదా. నా పైసలు గదా అవి." అని మళ్లీ టెంటు కిందికి వెళ్లి కూర్చున్నాడు.

క్వార్టర్లో మోతీ జొన్నరొట్టె చేసి పెట్టింది. దేవ్‌సింగ్ తుంచిన ముక్క నోట్లో పెట్టుకోలేక అలాగే కూర్చున్నాడు.

"తిను ముందు," అంది మోతీ. "కోపం ఆయనకు, ఆకలి నీకు. రెండు కలుపకు."

వచ్చే గురువారం గడువు ముగిసే రోజు. సోమవారం మార్కెట్ మరికాస్త పడింది. తీసేసింది తప్పు కాలేదని దేవ్‌సింగ్‌కు, పాపమే అయినా, లోపల కొంచెం ఊరటగా అనిపించింది. మంగళవారం లేచింది. గురువారం మూసే వేళకు సూచీ ఐదు వేల గీత దాటి, వెంట్రుకవాసి పైన నిలబడింది.

భిక్షపతికి ఒక్క రూపాయి పోలేదు. పుచ్చుకున్నదంతా మిగిలింది. మర్నాడు టెంటు కింద లడ్డూలు పంచాడు. దేవ్‌సింగ్ చేతిలోనూ ఒకటి పెట్టి, "నీ ఐడియానే దేవ్‌సింగ్ సారూ, నువ్వే నిలబడలే," అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగా జాలిపడే అన్నాడు. వెనకనుంచి ఎవరో "సారు బుగులు వడ్డడు, భయపడ్డడు" అన్నారు. గుంజ దగ్గరి గుంపు మూడు రోజుల్లో భిక్షపతి కుర్చీ చుట్టూ చేరింది. "గట్టి గుండె ఉండాలె," "నష్టంల తియ్యొద్దు, అదొక్కటే సూత్రం," అని అక్కడ వినపడేవి. దేవ్‌సింగ్ ముందు వరుసలో మైకు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు.

లడ్డూలు పంచిన సాయంత్రమే హరిలాల్ ఫోన్ చేశాడు.

"ఉంచితే వచ్చేటియా?"

"వచ్చేటివి బావా. మాతోని కూసునే భిక్షపతి సారుకు వచ్చినయి."

"ఆ భిక్షపతి సారు నంబర్ ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండటానికి తనకేం హక్కుంది?

దసరాకు అందరూ తండాకు చేరారు. హరిలాల్ ఇల్లు పైకప్పు లేకుండా, పిల్లర్ల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిక్కి, వానలకు తుప్పు పట్టి నిలబడి ఉంది. ఆ గోడల మధ్యే మంచాలు వేసుకుని కూర్చున్నారు. హరిలాల్ అందరితో మాట్లాడాడు. భిక్షపతి సారు ఎంత ధైర్యస్తుడో, ఆయన చెప్పినట్టు అమ్మితే ఈ నెల కూడా ఎలా వస్తాయో చెప్పాడు. దేవ్‌సింగ్ వైపు చూసి మాత్రం "తిన్నవా?" అన్నాడు, అంతే.

"బావా, ఒక్కటి చెప్త," అన్నాడు దేవ్‌సింగ్ ధైర్యం చేసి. "ఎంత పోతే ఆగాలెనో ముందే అనుకో. గదొక్కటి."

"పోతదని అనుకొని ఎవడన్న జేస్తడా?" అన్నాడు హరిలాల్.

అక్టోబర్‌లో మార్కెట్ పైపైకే పోయింది. సమ్మె ముగిసింది. బాయిల్లో మళ్లీ పని మొదలైంది, బడులు తెరిచారు. రాష్ట్రం రాలేదు, జీతాలు వచ్చాయి. భిక్షపతి అదే గీత మీద ఇంకా పెద్ద పందెం వేశాడని, హరిలాల్ కూడా ఆయనతో పాటే వేశాడని ప్రదీప్ చెప్పాడు.

నవంబర్‌లో సూచీ దిగడం మొదలుపెట్టింది. సెప్టెంబర్‌లో లాగా ఒక్కసారి కూలలేదు. రోజుకు కొంచెం, రోజుకు కొంచెం. దేవ్‌సింగ్ పేరు మీద మార్కెట్‌లో ఒక్క పైసా లేదు. అయినా పాఠానికీ పాఠానికీ మధ్య వరండాలోకి వచ్చి ఫోన్ చూసేవాడు. బావకు ఫోన్ చేద్దామని పేరు దాకా వెళ్లి ఆగేవాడు. చేస్తే ఏం చెప్పాలి? తీసెయ్ అని చెప్పాక అది లేస్తే? ఒకసారి జరిగింది చాలదా? చెప్పకపోతే, పడితే? ఎనిమిదో తరగతి పిల్లలకు నదుల పేర్లు చెబుతూ, గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పి, మళ్లీ అదే చెప్పాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఒక మధ్యాహ్నం హరిలాలే ఫోన్ చేశాడు.

"తమ్మీ," అన్నాడు, తండా మాటలో. "పూచీ పైసలు చాలవంటున్నడు ప్రదీప్. ఇంకిన్ని కట్టుమంటున్నడు. భిక్షపతి సారు ఆగుమంటున్నడు. పోయినసారి ఆగితే వచ్చినయి గదా అంటున్నడు."

"నిజమే బావా. వచ్చినయి."

"ఈసారి వస్తయా?"

దేవ్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. "తెల్వదు."

"నువ్వైతే ఏం జేస్తవ్?"

"నేనైతే ఏం జేస్తనో నీకు తెల్సు. బుగులు పడి తీసేస్త. అది తప్పు గూడ కావచ్చు. తీస్తే ఎంత పోతదో చెప్త. ఉంచితే ఇంకెంత పోవచ్చో గదీ చెప్త. ఇను, ఇన్నంక నువ్వు చెప్పు. నేను చెప్ప."

నెమ్మదిగా అంతా చెప్పాడు. హరిలాల్ మధ్యలో రెండుసార్లు ఆపి, మళ్లీ చెప్పించుకున్నాడు. అవతల బాయి సైరన్ మోగి ఆగింది.

"నీకు గిప్పుడు గూడ బుగులైతుందా?" అన్నాడు హరిలాల్.

"అయితుంది."

"నాకు గూడ అయితుంది. నాలుగు రోజుల నుంచి అన్నం పోతలేదు. మీ అక్కకు చెప్పలే. తీసెయ్ తమ్మీ. నేను చెప్తున్న. తీసెయ్."

దేవ్‌సింగ్ హెడ్మాస్టర్‌ను బతిమాలి స్టేషన్ రోడ్డుకు ఉరికాడు. ప్రదీప్ కుర్చీలోంచి లేచి హరిలాల్‌కు ఫోన్ చేసి, ఆయన నోటితోనే ఆ మాట విన్నాకే మీట నొక్కాడు. సెప్టెంబర్‌లో మిగిలినదాంట్లో సగం పోయింది.

భిక్షపతి తీయలేదు. ఆ నెల గడువు ముగిసే నాటికి సూచీ ఐదు వేల గీతకు చాలా కిందికి దిగిపోయింది. ఆయన పెట్టినదీ, బామ్మర్ది దగ్గర తెచ్చినదీ రెండూ పోయాయి. ఆఫీసుకు రావడం లేదని విని దేవ్‌సింగ్ ఇంటికి వెళ్లాడు. అంత గొంతున్న మనిషి పంచలో మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"నన్నెందుకు ఆపలే దేవ్‌సింగ్ సారూ?" అన్నాడు. "నువ్వొక్క మాట అంటే నేను ఇంటుంటి గదా."

వినేవాడు కాదని ఇద్దరికీ తెలుసు. దేవ్‌సింగ్ మంచం పక్కన కూర్చున్నాడు. చీకటి పడే దాకా ఇద్దరూ షేర్ల ఊసు ఎత్తలేదు. లేచేటప్పుడు భిక్షపతి చెయ్యి పట్టుకుని, రేపు తానే వచ్చి బండి మీద ట్రెజరీ దగ్గర దింపుతానని చెప్పాడు. దింపాడు కూడా, ఆ రోజూ, ఆ తర్వాతా కొన్నాళ్లు.

ఎండాకాలంలో హరిలాల్ స్లాబు మాట మానుకుని ఇంటికి రేకులు వేయించాడు. పనికి బాయి నుంచి నలుగురు స్నేహితులు వచ్చారు. దేవ్‌సింగ్ కింద నిలబడి రేకులు అందిస్తున్నాడు. పైన గోడ మీద కూర్చుని హరిలాల్ మేకులు కొడుతున్నాడు. మధ్యాహ్నం మోతీ మజ్జిగ తెచ్చింది. తాగుతూ ఆ నలుగురిలో ఒకాయన అడిగాడు.

"సార్, మార్కెట్ మళ్ల లేస్తుందంటున్నరు. ఏం జెయ్యమంటరు?"

"నాకు తెల్వదన్న," అన్నాడు దేవ్‌సింగ్. "నిజంగ తెల్వదు."

ఆయన గ్లాసు దించి పకపకా నవ్వాడు. "తెల్సినోళ్లందరు గిట్లనే అంటరు!" అని మిగతావాళ్లకు కన్ను గీటాడు. వాళ్లూ నవ్వుతూనే దగ్గరికి జరిగారు.

దేవ్‌సింగ్ పైకి చూశాడు. సుత్తి చప్పుడు ఆగింది. హరిలాల్ నోట్లో మేకు పట్టుకుని, కిందికి వంగి, తానూ వింటున్నాడు.